తొమ్మిది అసిస్టులు

కోర్టు పక్కన అంకెలు ఎక్కించే ఆ బల్ల దగ్గర రోజారాణి పని చూడటం, చెప్పటం. సాయినాథ్ పని వినటం, కంప్యూటర్‌లో కొట్టటం. ఆమె కోర్టు మీది నుంచి కన్ను తీయకూడదు, అతను స్క్రీన్ మీది నుంచి కన్ను తీయకూడదు. మధ్యలో ఒక్క మాట అటూ ఇటూ అయితే పట్టుకునే మూడో మనిషి లేడు. బాస్కెట్‌బాల్‌లో బంతి ఈ కొస నుంచి ఆ కొసకు పోవడానికి నాలుగైదు సెకన్లు చాలు. ఆ కాస్త వ్యవధిలోనే ఎవరు వేశారు, పడ్డదా లేదా, పడకపోతే బంతి ఎవరి చేతికి చిక్కింది, పడితే దానికి దారి చూపిన పాస్ ఎవరిది, అన్నీ ఆమె నోటి నుంచి వరసగా రావాలి. వచ్చినవి వచ్చినట్టు సాయినాథ్ వేళ్ళ కిందికి పోవాలి.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు శామీర్‌పేట దాటాక ఉన్న ఇండోర్ స్టేడియంలో మ్యాచ్ మొదలైంది. పసుపు బనీన్లు మూసీ రైడర్స్ వాళ్ళవి, నీలం బెజవాడ బ్లేజర్స్ వాళ్ళవి. మహిళల లీగ్‌లో రైడర్స్‌కు ఇది ఏడో మ్యాచ్, ఆఖరిది కూడా. సెమీస్ ఆశ ఎప్పుడో పోయింది. గెలిచినా ఓడినా ఇంటికే కాబట్టి మూడో క్వార్టర్ అయిపోగానే కోచ్ పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, మొదటి సగంలో కాసేపే ఆడిన బెంచి మీది పిల్లలను మళ్ళీ దింపాడు. తృప్తి ఏడో నంబరు. అంకిత ఇరవై. హరిచందన పదిహేను.

ఈ ముగ్గురిలో ఇద్దరినే వచ్చే ఏడాదికి ఉంచుకుంటామని యాజమాన్యం ముందే చెప్పేసింది. ఏడు మ్యాచ్‌ల అంకెలు చూసి ఆదివారం పేర్లు ప్రకటిస్తారు. ఆ అంకెలు పుట్టేది ఈ బల్ల మీదే.

హరిచందన కోర్టులోకి పోతూ బల్ల ముందు నుంచే పోయింది. రోజారాణి నీళ్ళ సీసా మూత తిప్పుతూ తల వంచుకున్నది. ఆ పిల్ల కూడా తన షూ లేసు చూసుకుంటూ దాటిపోయింది. రెండు నెలల నుంచి ఇద్దరూ ఇట్లాగే నెట్టుకొస్తున్నారు.

నాలుగో క్వార్టర్‌లో ఆట వేడెక్కింది. బ్లేజర్స్ పిల్ల ఒకతి మూల నుంచి వేసింది. బంతి రింగు మీద ఎగిరి పక్కకు పడింది. ఆ లోపలే హరిచందన మోకాళ్ళు కొంచెం వంచి, వీపు వెనక్కి ఆనించి, తనకంటే జానెడు ఎత్తున్న పిల్లను రెండడుగులు వెనక్కి తోసేసింది. తర్వాత తొందర లేకుండా లేచి బంతి అందుకున్నది. ముందు చోటు పట్టు, తర్వాత బంతి పట్టు. ఈ మాట ఆ పిల్లకు ఎన్ని వందలసార్లు చెప్పిందో రోజారాణికే తెలియదు. అరిచి శభాష్ అనాలనిపించింది. పళ్ళు బిగబట్టుకున్నది.

"పసుపు ఏడు, రీబౌండ్."

సాయినాథ్ కొట్టాడు. మళ్ళీ బంతి వచ్చింది, మళ్ళీ తప్పింది, మళ్ళీ అదే వీపు, అవే మోకాళ్ళు. "పసుపు ఏడు, రీబౌండ్." సాయినాథ్ కొట్టాడు. ఆట ముగిసేసరికి రైడర్స్ నాలుగు పాయింట్లతో గెలిచారు. గెలిచినవాళ్ళు కోర్టు మధ్యలో గుంపుగా ఎగురుతుంటే రోజారాణి సంచి సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా స్కూటీ దగ్గరికి నడిచింది. ఇట్లా నడవడం ఇదే చివరిసారి, సీజన్ అయిపోయింది, ఇగ ఎవరికీ ఏమీ తెలిసేది లేదు అనుకున్నది. ఆ రోజు ఆమె హాయిగా నిద్రపోయింది. పాపం, ఆ ఒక్క రాత్రే.

*

మర్నాడు శనివారం. బౌరంపేటలో ఆమె పి.ఇ.టి.గా పని చేసే బడిలో ప్రార్థన జరుగుతున్నది. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. రోజారాణి మెడలో ఈల, చేతిలో ఫోను. లీగ్ వాళ్ళ పేజీలో తృప్తి ఫొటో పెద్దగా పెట్టారు. పదకొండు రీబౌండ్లు, ఆ పిల్ల ఇప్పటిదాకా ఆడిన ఆటలన్నిటిలో ఎక్కువ.

తృప్తికి పదకొండా? రోజారాణి కనుబొమలు ముడిపడ్డాయి. నిన్నటి ఆటలో తృప్తి బయట నిలబడి పాసులు ఇచ్చిందే తప్ప రింగు కిందికి ఎన్నిసార్లు వచ్చిందని? మ్యాచ్ షీటు తెరిచింది. హరిచందన పేరు ఎదురుగా రీబౌండ్లు రెండు. ఆ రెండూ మొదటి సగంలోవి.

అప్పుడు తన నోరు తనకు వినపడింది. పసుపు ఏడు, పసుపు ఏడు.

శామీర్‌పేట బడిలో తను పని చేసిన రోజుల్లో హరిచందన బనీను మీద ఉండే అంకె ఏడు. నాలుగేళ్ళు ఆ గ్రౌండ్‌లో "ఏడూ, చోటు పట్టు! ఏడూ, వీపు!" అని గొంతు పోయేలా అరిచింది తనే. నిన్న ఆ పిల్ల బడిలో ఆడినట్టు ఆడింది. రోజారాణి నోరు బడిలో పిలిచినట్టు పిలిచింది. కోర్టు మీద లేని మనిషి నంబరు కొడితే యంత్రం ఒప్పుకోదు, టక్కున ఎర్రగా చూపిస్తుంది. కానీ నిన్న అసలు ఏడో నంబరు తృప్తి కూడా కోర్టు మీదనే ఉన్నది. యంత్రం ఎందుకు అడ్డు చెప్తుంది?

పిల్లలు జాతీయ గీతం అందుకున్నారు. రోజారాణి కదలకుండా నిలబడింది. గీతం అయిపోయింది. ఈల ఊదితే పిల్లలు తరగతులకు కదలాలి. ఆమె ఊదలేదు. ముందు వరసలో ఉన్న పాప తల పైకెత్తి చూసింది. "మేడం, విజిల్," అని పక్క టీచరు అంటే, అప్పుడు ఊదింది. గాలి తప్ప చప్పుడు రాలేదు.

ఆటల గది తలుపు మూసుకుని సాయినాథ్‌కు ఫోను చేసింది.

"సాయీ, నిన్న నాలుగో క్వార్టర్ల రీబౌండ్లు నేను ఎవరివి చెప్పిన?"

"ఏడన్నరు మేడం. ఏడు కొట్టిన. ఏంది, ఏమన్న పరేషానా?"

"నీకేం అనుమానం రాలేదా?"

"నేను కోర్టు దిక్కు జూస్తనా మేడం? మీ నోరు ఇంట, కొడ్త. అంతే గద." అతని గొంతు సన్నబడింది. "మేడం, నా పేరేం రానియ్యకుండ్రి. మీరు జెప్పిందే కొట్టిన నేను."

"నీ తప్పేం లేదు. పెట్టేయ్."

ఫోను పెట్టాక ఆమె పాత వాలీబాల్ నెట్ల కుప్ప మీద కూలబడింది. తప్పు దిద్దుకునే దారి ఉన్నది. మ్యాచ్ అయిపోయిన ఇరవై నాలుగు గంటల లోపల, అంటే ఈ సాయంత్రం ఆరున్నర లోపల, లీగ్‌లో ఈ అంకెల పనికి చీఫ్ అయిన దుర్గాబాయి గారికి చెప్తే ఆమె వీడియో చూసి దిద్దుతారు. తర్వాత అంకెలకు తాళం పడుతుంది. దేవుడు దిగివచ్చినా తెరవరు.

చెప్పడానికి నోరుంటే కదా. లీగ్‌లో ఈ బల్ల కొలువుకు పెట్టిన దరఖాస్తులో ఒక ప్రశ్న ఉన్నది. ఏ క్రీడాకారిణితోనైనా మీకు బంధుత్వం గానీ, శిక్షణ సంబంధం గానీ ఉన్నదా? రోజారాణి "లేదు" అన్నచోట టిక్కు పెట్టింది. ఉన్నదంటే తీసుకోరేమో అని భయం. పదిహేనేళ్ళు పిల్లల ముక్కులు తుడుస్తూ, రికార్డుల్లో ఎత్తూ బరువూ రాస్తూ గడిపిన మనిషికి అసలు సిసలు ఆట పక్కన కుర్చీ దొరుకుతుందంటే ఆ ఒక్క టిక్కు పెద్ద పాపంలా కనిపించలేదు. తర్వాత రైడర్స్ జాబితాలో హరిచందన పేరు చూసి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పూటే పిల్లకు ఫోను చేసింది. "బిడ్డా, అక్కడ నన్ను మేడం అని పిల్వకు. నన్ను ఎరగనట్టే ఉండు. మాట్లాడకు, ఫోను గిట్ల జేయకు. నేను జెప్తున్న గద." పిల్ల "సరే మేడం" అన్నది. ఇంకేమీ అడగలేదు.

ఇప్పుడు పోయి చెప్తే ఆ అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. రోజారాణి సీజన్ అంకెల పట్టిక తెరిచింది. వేసిన పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు అన్నీ కలిపి మ్యాచ్‌కు సగటున తృప్తికి తొమ్మిదీ పాయింటు ఒకటి, అంకితకు ఏడూ పాయింటు నాలుగు, హరిచందనకు ఏడూ పాయింటు ఒకటి. పాయింటు మూడు తేడాతో పిల్ల జాబితా బయట ఉన్నది. నిన్నటి వీడియో ఫోనులో నడిపి, టైములు కాగితం మీద రాసుకుంటూ వేళ్ళు మడిచింది. అయిదు రీబౌండ్లు. అవి కలిస్తే ఏడూ పాయింటు ఎనిమిది. లోపలికి వస్తుంది.

*

మధ్యాహ్నం గాజులరామారంలో ఇంటికి చేరేసరికి భర్త గిడియోన్ అప్పుడే నిద్ర లేచి టీ కాచుకుంటున్నాడు. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని అతనిది. ఆమె మొహం చూసి గ్యాస్ ఆపేశాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది.

"చెప్తే ఏమైతది?" అన్నాడు.

"నా కుర్చీ పోతది. బడిల తెలిస్తే అది గూడ పోతదేమో. అబద్ధం రాసిన మనిషిని ఎవరు ఉంచుకుంటరు?"

"చెప్పకపోతే?"

"పిల్ల పోతది."

గిడియోన్ టీ గిన్నె పక్కకు దించాడు. "రోజా, నువ్వు ఇంకోటి సూస్తలేవు. ఇప్పుడు పోయి గా పిల్లకు అయిదు కలపుండ్రి అంటవు. గా పిల్ల ఎవరంటే నా శిష్యురాలంటవు. ఎవరైన ఏమనుకుంటరు? తప్పు దిద్దుతున్నవనుకుంటరా, దొంగతనం జేస్తున్నవనుకుంటరా? నా మాటిని ఊకో. ఆరున్నర దాటితే అన్నీ అవే సద్దుమణుగుతయ్."

అతను చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అడకత్తెరలో పోకచెక్క ఎటు కదిలినా తెగేదే. అన్నం పెట్టుకున్నది, రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకు జరిపింది. గోడ గడియారంలో రెండూ పది. ఆ ముల్లు ఆరున్నర దాటేదాకా ఈ కుర్చీలో ఇట్లాగే కూర్చోగలనా అని తనను తాను ప్రశ్నించుకున్నది. కూర్చుంటే రేపు జాబితా చూడాలి. ఎల్లుండి కూడా బతికి ఉండాలి కదా.

రెండున్నరకు స్కూటీ తీసింది. గిడియోన్ గుమ్మంలోకి వచ్చి, "హెల్మెటు," అని అందించాడు.

మేడ్చల్ దాటేదాకా ఎట్లా నడిపిందో తెలియదు. శామీర్‌పేట రోడ్డులో ఒక టిప్పర్ వెనక నుంచి హారన్ కొడితే ఉలిక్కిపడి, బండి మట్టిలోకి దించి ఆపేసింది. ఇక్కడి నుంచి వెనక్కి తిరిగినా ఎవరూ అడగరు. ఫోను తీసి టైము చూసుకున్నది. మూడూ నలభై. మళ్ళీ బండి ఎక్కింది.

దుర్గాబాయి గారి గది స్టేడియంలో మెట్ల కింద ఉన్నది. అరవైకి దగ్గరపడిన మనిషి. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. ఒకప్పుడు ఆమె ఆడితే నగరమంతా చూసేదని అంటారు. ఎవరినీ గట్టిగా తిట్టదు. అందుకే అందరికీ ఆమె అంటే భయం.

"కూసో రోజారాణి. ఛాయ్ తాగుతవా?"

"వద్దు మేడం. నిన్నటి మ్యాచుల నాతోని గల్తీ అయింది."

టైములు రాసుకొచ్చిన కాగితం ముందు పెట్టింది. దుర్గాబాయి కళ్ళజోడు పెట్టుకుని వీడియో తెరిచింది. మొదటి టైము దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ నడిపి చూసింది. రెండోది చూసింది. ప్రతిదానికీ మూడేసి సార్లు. రోజారాణి తెర వైపు చూడలేక, ఆమె బొటనవేలి గోరు వైపు చూస్తూ కూర్చున్నది.

"అయిదు రీబౌండ్లూ పదిహేను నంబరువే," అన్నది దుర్గాబాయి చివరికి. "మంచిగ వచ్చి చెప్పినవు. ఎవ్వరు రారు ఇట్ల. దిద్దుత." దిద్దుబాటు పత్రం తీసి రాయడం మొదలుపెట్టింది. మ్యాచ్, టైము, పాత నంబరు, కొత్త నంబరు. చివరి గడి దగ్గర కలం ఆగింది. "కారణం అని ఉన్నది ఈడ. ఏమని రాయాలె? పదిహేనుకు ఏడు ఎట్ల వచ్చింది నీ నోట్లకు?"

తొందరలో అని చెప్తే చాలు. గోలలో నంబరు సరిగా కనపడలేదంటే ఆమె రాసేసుకుంటుంది. పత్రం అయిపోతుంది, పిల్ల జాబితాలోకి వస్తుంది, కుర్చీ మిగులుతుంది. దేవుడే దారి చూపించాడని ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పుకోవచ్చు కూడా. రోజారాణి నోరు తెరిచింది. ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉన్నది.

కానీ రెండు నెలల నుంచి దొంగకు తేలు కుట్టినట్టు బతుకుతున్నది. హాల్లో ఎవరు వెనక నుంచి పిలిచినా గుండె ఆగిపోయేది. ఇంకొక్క అబద్ధం మోసే ఓపిక ఆమెలో మిగల్లేదు. అది నిజాయితీ అని ఆమె కూడా అనుకోలేదు. అలసట, అంతే.

"ఆ పిల్ల నా దగ్గర నేర్చుకున్నది మేడం. నాలుగేళ్ళు. బడిల ఆమె నంబరు ఏడు," అన్నది. "ఫారంల లేదు అని రాసిన."

దుర్గాబాయి కలం మూత పెట్టింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నది. చాలాసేపు తుడిచింది.

"ఉన్నది అని రాస్తే ఏమైతుండెనో ఎరుకనా?"

"నన్ను తీసుకోకపోదురు."

"వేరే టీముల మ్యాచులకు వేద్దు నిన్ను. రైడర్స్ ఆటలకు వేరేటోళ్ళు కూసుందురు. గంతే." ఆమె గొంతు పెరగలేదు. "గంత చిన్నదానికి భయపడ్డవు సూడు. ఈ అయిదు రీబౌండ్లు దిద్దుత. కాని ఇగ నేను ఏడు మ్యాచులు సూడాలె. నువ్వు ఆమెవి చెప్పినయి అన్ని. ఆమె పక్కన ఆడినోళ్ళయి గూడ. రేపు పొద్దుగాల్లకు అయితది. ఇగ నువ్వు పో."

"సూడుండ్రి మేడం. నేను ఒక్కటి గూడ కావాలని ఎక్కువ జెప్పలే," అన్నది రోజారాణి. ఆ మాట గుండె మీద చెయ్యేసుకుని చెప్పింది. అది నిజమే.

*

ఆదివారం పొద్దున చర్చిలో రెండో పాట సగంలో ఉండగా పర్సులో ఫోను కదిలింది. రోజారాణి పక్కనున్న వాళ్ళను దాటుకుని బయటికి వచ్చింది. చెప్పుల వరస దగ్గర నిలబడి తెరిచింది. దుర్గాబాయి గారి దగ్గరి నుంచి దిద్దిన పట్టిక.

హరిచందన, బ్లేజర్స్‌తో మ్యాచ్, రీబౌండ్లు రెండు కాదు, ఏడు. కలిపారు. రోజారాణి గట్టిగా ఊపిరి వదిలింది. ఆ కిందికి చూసింది. కింద ఇంకా ఉన్నది.

హరిచందన, అసిస్టులు. తొమ్మిది తీసివేత. ఎదురుగా మ్యాచ్, టైము, అసిస్ట్ కాదు. మ్యాచ్, టైము, అసిస్ట్ కాదు. అట్లా తొమ్మిది వరసలు. దాని కింద అంకిత, అసిస్టులు, నాలుగు కలపవలెను. ఎదురుగా, చెప్పలేదు, చెప్పలేదు, చెప్పలేదు, చెప్పలేదు.

రీబౌండ్ చేతికి సంబంధించింది. బంతి ఎవరి చేతిలో పడితే వాళ్ళది. అసిస్ట్ అట్లా కాదు. పాస్ అందుకున్న మనిషి వెంటనే వేస్తేనే ఆ పాస్‌కు విలువ. అందుకుని, బంతిని నేల మీద కొట్టుకుంటూ, ఒకరిని తప్పించి, తన సత్తాతో వేస్తే పాస్ ఇచ్చినవాళ్ళకు ఏమీ రాదు. ఎక్కడిదాకా వెంటనే, ఎక్కడి నుంచి సొంత సత్తా అనేది చెప్పేవాళ్ళ కంటిని బట్టే ఉంటుంది.

లేదు, దుర్గాబాయి గారు కోపంతో చేశారు ఇదంతా. రోజారాణి మొదటి టైము వెతికి ఫోనులోనే వీడియో పెట్టింది. మూడో మ్యాచ్. హరిచందన పాస్ ఇచ్చింది. అందుకున్న పిల్ల ఒకసారి కొట్టింది, రెండుసార్లు, మూడుసార్లు, ఎదుటి పిల్లను భుజంతో తప్పించి వేసింది. ఎవరు చూసినా అసిస్ట్ కాదు. కానీ హరిచందన చేతి నుంచి బంతి వదిలిన తీరు చూడగానే, ఇప్పుడు కూడా, చెప్పుల మధ్య నిలబడి కూడా, "అసిస్ట్ పదిహేను" అన్న మాట రోజారాణి నోటిదాకా వచ్చేసింది.

ఒక్కటి కూడా కావాలని చెప్పలేదు. అదే భయం ఇప్పుడు. కావాలని చేసి ఉంటే ఎక్కడ ఆపాలో తెలిసేది.

కొత్త సగటు కింద రాసి ఉన్నది. తృప్తి ఎనిమిదీ పాయింటు నాలుగు. అంకిత ఎనిమిది. హరిచందన ఆరూ పాయింటు అయిదు.

పదకొండు గంటలకు జాబితా వచ్చింది. తృప్తి, అంకిత. నిన్న "తొందరలో గల్తీ" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ జాబితాలో హరిచందన పేరుండేది. లోపల పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. రోజారాణి లోపలికి పోలేదు.

*

అలియాబాద్‌లో హైవే పక్కనే నీలం టార్పాలిన్ కింద హరిచందన తల్లి శివమ్మ చేపలు కోస్తుంది. తండ్రి మైసయ్య తెల్లవారుజామున చెరువులో వల తీసి ఇంటికి పోయి పడుకుంటాడు. ఆదివారం కావడంతో పది మంది నిలబడి ఉన్నారు. హరిచందన టీము ట్రాక్‌ప్యాంటు మీద గోనెపట్టా చుట్టుకుని, ఒక రవ్వచేపకు బూడిద రాసి రుద్దుతూ పొలుసు తీస్తున్నది. రోజారాణిని చూసి, అలవాటు కొద్దీ చూపు పక్కకు తిప్పుకున్నది. తర్వాత ఇగ అవసరం లేదని గుర్తొచ్చినట్టు తలెత్తింది.

శివమ్మ కత్తిపీట మీద కాలు తీయకుండానే పలకరించింది. "రాండ్రి మేడం. మా పిల్ల పేరు రాలేదంట గద. మీరు ఆడ్నే, బల్ల కాడ్నే కూసునేదట. జెర సూసుకోకపోతిరి?"



"అమ్మా, ఊకో," అన్నది హరిచందన. చేప తల్లి ముందుకు తోసి, బకెట్లో చేతులు కడుక్కుని లేచింది. ఇద్దరూ టార్పాలిన్ వెనక, ఖాళీ థర్మకోల్ పెట్టెలు పేర్చిన చోటికి నడిచారు. రోడ్డు మీద కరీంనగర్ బస్సు పోయింది.

"బిడ్డా, తప్పంత నాదే," అన్నది రోజారాణి. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "నీ రీబౌండ్లు వేరేటోళ్ళకు పోయినయి. దిద్దిపిద్దామని పోయిన. పోతే మీదికెల్లి ఇట్లయింది. నేను నోరు మూస్కోని ఉంటె నువ్వు లోపల ఉండేదానివి."

"ఆ అసిస్టులు నావి కావని నాకు ఎరుకే మేడం."

రోజారాణి అర్థం కానట్టు చూసింది.

"ప్రతి మ్యాచు అయినంక షీటు సూస్తుంటి. నేను ఇయ్యనియి నా పేరు మీద పడుతుండె. మొదలు గల్తీ అనుకున్న. మల్ల మ్యాచుల గూడ పడ్డయి. అప్పుడు సమజైంది." హరిచందన గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న పొలుసు తీసుకుంటూ చెప్తున్నది. "మీరు మాట్లాడొద్దు, ఎరగనట్టు ఉండు అన్నరు గద. గిందుకే అన్నరనుకున్న. నాకోసం జేస్తున్నరని."

"లేదు బిడ్డా! నేను కావాలని..."

"నాకేం ఎరుక మేడం? నాకు దినాం భయమే. హాస్టల్ల అంకిత పక్కనే పండుకునేది. అది షీటు సూస్కోని, గా పాస్ నాది గదనే, ఎందుకు రాయలే అని నన్నే అడుగుతుండె. ఏం జెప్పాలె నేను? ఏదో ఒకనాడు పట్టుకుంటరు, మిమ్మల్ని గుంజుకపోతరు, నన్ను గూడ పేపర్ల ఏస్తరు అనుకుంట. పాస్ ఇయ్యాలంటేనే చెయ్యి రాకపోయేది. ఇస్తే మల్ల నా పేరు మీద రాస్తరేమో అని."

రెండు నెలలు పిల్లను చూసి తను భయపడింది. తనను చూసి పిల్ల భయపడింది. రోజారాణికి ఆ హాలు మొత్తం కళ్ళ ముందు తిరిగింది. షూ లేసు చూసుకుంటూ దాటిపోయిన ఆ మొహం ఇప్పుడు కొత్తగా అర్థమయింది.

"నాకొక్క మాట జెప్పకపోయినవా?"

"మీరే ఫోను జేయొద్దంటిరి."

రోజారాణి పెట్టెల మీద చెయ్యి ఆనించింది. తడి థర్మకోల్ మెత్తగా నొక్కుకుపోయింది.

"శుక్రారం నాడు నా రీబౌండ్లు తృప్తికి పోయినయి సూసిన," అన్నది హరిచందన. "అవ్, ఇగ మేడం సమానం జేస్తున్నదనుకున్న. పాణం సల్లవడ్డది. ఆ దినం మంచిగ పండుకున్న."

శివమ్మ అవతల నుంచి ఎవరికో కొర్రమట్ట ఎంతసేపు ఉడకాలో చెప్తున్నది. ఇంకొకరు జల్దీ కానియ్యమంటున్నారు. హరిచందన ఒకసారి అటు చూసి, గోనెపట్టా మళ్ళీ బిగించుకున్నది.

"ఆరూ పాయింటు అయిదు నాదే గద మేడం? అందుల ఎవరిది కలువలే గద?"

"నీదే. మొత్తం నీదే."

"వచ్చే ఏడు సెలక్షన్స్‌కు పోత," అన్నది. "మీరు గా బల్ల కాడ ఉంటె మాత్రం రాను."

గొంతులో కోపం లేదు. బడిలో లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది. రెండు నెలల తర్వాత ఆ పిల్ల నేరుగా ఆమె కళ్ళలోకి చూస్తున్నది. ఈసారి తల దించుకోవడం రోజారాణి వంతయింది.

"ఉండను బిడ్డా," అన్నది.

హరిచందన సరేనన్నట్టు తలూపి, తల్లి పిలుస్తుంటే చేపల దగ్గరికి వెళ్ళిపోయింది.